రైఫిలును మందు తుపాకీ చేయించుకున్న మా తమ్ముడు

ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉండే మా చిన్నాన్న కొడుకు తన రైఫిలును మందు తుపాకీ చేయించుకున్నాడు. వెనక నుంచి తూటా పెట్టి బోల్టు మూసి కాల్చే రెమింగ్టన్ 700 వాడిది. దాని గొట్టం పీకించేసి, మూతిలోంచి తుపాకి మందు పోసి, గుండు దించి, గజం అనే పొడుగు కడ్డీతో దట్టించి కాల్చే గొట్టం బిగించుకున్నాడు. మన ఉదయగిరి, సీతారామపురం వైపు వాళ్లెవరికైనా ఈ మాట చెబితే నవ్వుతారు. మనకు తెలిసిన నాటు తుపాకీ అంటే ఇనుప పైపు, భుజానికి ఆనించే తుమ్మ చెక్క మడమ, ఊడిపోకుండా చుట్టిన తీగ, పట్టుబడ్డ రోజు పేపర్లో ఎస్సై గారి టేబుల్ మీద ఫోటో. అట్లాంటి దానికోసం డాలర్లు పోసి మంచి రైఫిలు చెడగొట్టుకుంటారా ఎవరైనా?

నాది కావలిలో లేత్ షాపు. ట్రాక్టర్ పిన్నులు, మోటారు షాఫ్టులు, బోరు పైపులకు త్రెడ్లు, ఇదీ నా పని. వేట మీద నాకు ఆసక్తి లేదు, జింకను చంపి తినాలని ఎప్పుడూ అనిపించలేదు. కానీ ఒక ఇనుప వస్తువును విప్పి ఇంకో వస్తువుగా మార్చారంటే ఎట్లా చేశారో తెలుసుకునేదాకా నాకు నిద్ర పట్టదు. అందుకే వాడిని వీడియో కాల్‌లో కూర్చోబెట్టి మొత్తం విప్పించి చూశాను. ఈ లోపల ఆ సంగతి ఇక్కడ మా షాపు చుట్టుపక్కల పాకి, ఒకరిద్దరు వచ్చి నన్ను అడిగిన ప్రశ్నలు విన్నాక ఇది రాయాలనిపించింది. ఆ ప్రశ్నల దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు అసలు ఎందుకు చేయించుకున్నాడో చెప్పాలి. ఒహాయోలో జింకను ఏ తుపాకీతో పడితే ఆ తుపాకీతో కాల్చనివ్వరు. పొడుగు తుపాకుల్లో చాలాకాలం షాట్‌గన్నూ, మందు తుపాకీయే. 2014 నుంచి మెడ సన్నబడకుండా తిన్నగా ఉండే తూటాలు పేల్చే రైఫిళ్లను కూడా ఒప్పుకున్నారు. మా వాడి రైఫిలు .308 రకం తూటా కాల్చేది. దాని తూటాకు మెడ సన్నగా ఉంటుంది, గుండు సెకనుకు 2,800 అడుగుల దగ్గర పోతుంది, గురి తప్పితే ఎక్కడో ఆగుతుంది. ఊళ్లు, పొలాలు, ఇళ్లు దగ్గర దగ్గరగా ఉండే చోట అది కుదరదు. అంటే వాడు ఇష్టపడి కొనుక్కున్న రైఫిలు టార్గెట్ కాల్చుకోవడానికి తప్ప సొంత రాష్ట్రంలో జింకల వేటకు పనికిరాదు. ఇది మొదటి కారణం.

రెండోది, మందు తుపాకీకి అక్కడ విడిగా రోజులుంటాయి. మామూలు తుపాకీ వేట నవంబరు ఆఖరున, డిసెంబరులో అయిపోయాక, జనవరి మొదట్లో మందు తుపాకీల వాళ్లకు మాత్రమే 4 రోజులు ఇస్తారు. చాలా రాష్ట్రాల్లో ఇట్లాంటి ఏర్పాటు ఉంది. ఒక్క గుండే పేలుతుంది, మళ్లీ నింపుకోవడానికి అర నిమిషమో నిమిషమో పడుతుంది, అందువల్ల జింకకూ ఒక అవకాశం ఉంటుంది, కాబట్టి వీళ్లకు నాలుగు రోజులు ఎక్కువిచ్చినా ఫర్వాలేదన్నది ప్రభుత్వం లెక్క. తుపాకీ వెనకబడినదైతే రోజులు ఎక్కువ దొరుకుతాయన్నమాట. ఇందులోని తెలివి నాకు భలే నచ్చింది.

కొత్త మందు తుపాకీ కొనుక్కోవచ్చు కదా, రైఫిలు విప్పడం ఎందుకురా అన్నాను. "అన్నా, ఈ మడమ నా భుజానికి అలవాటైంది, ట్రిగ్గర్ నా వేలికి అలవాటైంది, పైనున్న గురి చూసే స్కోపుకే బోలెడు డబ్బు పెట్టా, ఇంకోటి కొంటే అది అలవాటయ్యేదాకా ఏడ్వాలా?" అన్నాడు. మా షాపులో ముప్పై ఏళ్ల నాటి లేత్ అమ్మేసి కొత్తది తీసుకోమని బ్యాంకు వాళ్లు చెప్పినప్పుడల్లా నేనూ అదే అంటాను కాబట్టి ఆ విషయంలో ఇక వాదించలేదు.

ఇక పని సంగతి. ఇది వాడు ఇంట్లో సుత్తి, స్పానర్ పట్టుకుని చేసింది కాదు, లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ దగ్గర చేయించింది. కొలతలు నేను రాయను, అవి ఎవరికీ అక్కర్లేదు. పద్ధతి మాత్రం చెబుతాను. పాత గొట్టం రైఫిలు శరీరంలోకి త్రెడ్ మీద బిగిసి ఉంటుంది. దాన్ని విప్పి, అదే త్రెడ్‌తో .45 బోరు (లోపలి రంధ్రం .45 అంగుళాలు) గొట్టం బిగిస్తారు. పాత గొట్టానికి వెనకవైపు తూటా కూర్చునే గూడు ఉంటుంది, ఈ కొత్త గొట్టానికి అది ఉండదు. గూడు ఉండాల్సిన చోట ఒక ఉక్కు బిరడా త్రెడ్ మీద ఎక్కుతుంది, బ్రీచ్ ప్లగ్ అంటారు దాన్ని. పేలుడు వెనక్కి తన్నకుండా ఆపేది ఆ బిరడాయే. దాని మధ్యలో సూది దూరేంత సన్నటి రంధ్రం. బోల్టు మూస్తే, దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే ప్రైమర్ అనే చిన్న గుళిక వచ్చి ఆ రంధ్రానికి ఆనుకుంటుంది, ట్రిగ్గర్ నొక్కితే పిన్ను ప్రైమర్‌ని కొడుతుంది, నిప్పు ఆ రంధ్రంలోంచి ముందుకు దూకి మందును అంటిస్తుంది. మ్యాగజైన్ ఉన్న చోట ఇప్పుడు ఏమీ లేదు, మూత మాత్రం ఉంది.

ఆ బిరడాను వాడు కెమెరాకు దగ్గరగా పెట్టి చూపించాడు. బొటనవేలంత ఉంది. కాల్చి విప్పినది కాబట్టి ముందువైపు కుక్కర్ అడుగున మాడిన అన్నంలా నల్లటి పెచ్చు కట్టి ఉంది. చేత్తోనే డ్రిల్ బిట్ తిప్పుతూ ఆ పెచ్చు గీకుతున్నాడు, మిషన్ పెడితే రంధ్రం పెద్దదైపోతుందట. త్రెడ్ల మీద తెల్లటి గ్రీజు దట్టంగా పూసి మళ్లీ బిగించాడు. అది పూయకుండా బిగించి కాలిస్తే మసి పట్టి కదలకుండా కూర్చుంటుంది, ఇక ఆ బిరడా మళ్లీ ఊడి రాదు. బోరు పైపు కప్లింగులు తుప్పు పట్టి బిగుసుకుపోతే విప్పిన వాడిని, నాకు చెప్పక్కర్లేదు. అయితే నన్ను ఆకట్టుకుంది ఆ రంధ్రం. అది కొంచెం అరిగి పెద్దదైనా వెనక్కి వచ్చే గ్యాసు పెరుగుతుంది, గురి మారుతుంది. అందుకే సన్నటి పిన్ను గేజి ఒకటి పెట్టుకుని అప్పుడప్పుడు దూర్చి చూస్తాడట, పిన్ను దూరితే బిరడా మార్చేయడమే.

చరిత్ర చూస్తే ఈ మార్పంతా రివర్సు. 1857లో సిపాయిలు పళ్లతో కొరకం అని తిరగబడ్డ తూటాలు 1853 నమూనా ఎన్‌ఫీల్డ్‌వి, అది మూతిలోంచి నింపే తుపాకీయే. కాగితం పొట్లం కొరికి, మందు గొట్టంలో పోసి, గుండు దించి, గజంతో దట్టించాలి. పదేళ్లు తిరక్కుండానే, 1866లో, ఇంగ్లిషు వాళ్లు అవే ఎన్‌ఫీల్డుల వెనక భాగం కోసి, స్నైడర్ పద్ధతిలో పక్కకు తెరుచుకునే తలుపు పెట్టి, వెనక నుంచి తూటా పెట్టేవిగా మార్చుకున్నారు. నిలబడి నింపుకునే బాధ తప్పితే చాలని సైన్యాలన్నీ ఎదురుచూసిన మార్పు అది. అంత కష్టపడి ముందుకు తెచ్చిన దాన్ని మా తమ్ముడు డబ్బులిచ్చి మళ్లీ వెనక్కి తోయించాడు.

కాల్చే రోజు సంగతి వాడు చెప్పినంత వరకు చెబుతాను. తెల్లవారుజామున చలిలో ముందే మందు కొలిచి పెట్టుకున్న చిన్న గొట్టాలు జేబులో ఉంటాయి. మందు మూతిలో పోస్తాడు. గుండు చుట్టూ సేబో అనే ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, గొట్టం లోపల మెలికగా కోసిన గాడిని పట్టుకుని తిరిగేది ఆ తొడుగే. దాన్ని గజంతో కిందికి దించాలి. గజం మీద ఒక గీత ఉంది. గుండు సరిగ్గా మందును ఆనుకున్నప్పుడు ఆ గీత గొట్టం మూతికి సమానంగా రావాలి. గీత పైన ఉంటే గుండు మధ్యలో ఆగిందని అర్థం, మందుకూ గుండుకూ మధ్య ఖాళీ ఉంటే గొట్టం ఉబ్బొచ్చు, పగలొచ్చు. మామూలు కంటే బాగా పైన ఉంటే లోపల ముందే ఒకసారి నింపి మర్చిపోయారని. చలికి వణుకుతూ, ఎదురుగా జింక కనపడితే, ఆ టెన్షన్‌లో రెండుసార్లు మందు పోసేవాళ్లు ఉంటారట. అందుకే ఆ గీత చూడకుండా ప్రైమర్ పెట్టకూడదని వాళ్లకు నేర్పుతారు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం మందుది. పాతకాలపు నల్లమందు అంటే పెట్లుప్పు, గంధకం, బొగ్గు. అది నిదానంగా నెడుతుంది. ఇప్పటి రైఫిలు తూటాల్లో ఉండే పొగరాని మందు వేరు. .308 తూటాకు చదరపు అంగుళానికి 62,000 పౌండ్ల ఒత్తిడి దాకా పోవచ్చని లెక్క. నల్లమందు కోసం చేసిన గొట్టంలో ఆ పొగరాని మందు పోస్తే అది తుపాకీ కాదు, బాంబు. పొగరాని మందు తట్టుకునేలా ప్రత్యేకంగా చేసినవీ ఉన్నాయి, శావేజ్ కంపెనీ 10ఎంఎల్ అట్లాంటిదే. ఇట్లా రైఫిళ్లను మార్చి పొగరాని మందు వాడేవాళ్లు అక్కడ ఒక గుంపుగా ఉన్నారు, వాళ్ల గురి దూరాలు చెబితే రైఫిలు వాళ్లు సిగ్గుపడాలి. మా వాడు ఆ జోలికి పోలేదు. నల్లమందుకు బదులుగా అమ్మే బ్లాక్‌హార్న్ 209 అనేది పోస్తాడు. గుండు సెకనుకు 2,000 అడుగుల దగ్గర పోతుంది. ఇది మేలైన నిర్ణయమని నా అభిప్రాయం. ఒత్తిడి లెక్కలో నమ్మకం లేని చోట ఉక్కును నమ్మకూడదు, హైడ్రాలిక్ జాక్ పగిలితే ఎట్లా ఉంటుందో చూసినవాడిని.

ఇక్కడ మా ఇద్దరికీ ఒక గొడవ కూడా అయింది. వాడి తుపాకీ మీద స్కోపు ఉంది, బోల్టు ఉంది, లోపల మూసిన ప్రైమర్ ఉంది, వానొచ్చినా తడవదు. ఇక వెనకబడిన తుపాకీ ఏంటి, పేరుకి మూతిలోంచి నింపడం తప్ప? నాలుగు రోజులు ఎక్కువిచ్చింది కష్టపడి వేటాడే వాళ్లకు కదా అన్నాను. వాడికి కోపం వచ్చింది. కానీ ఇదే వాదన అక్కడ కూడా నలభై ఏళ్లుగా నడుస్తూనే ఉంది. 1985లో టోనీ నైట్ అనే ఆయన ఎంకే-85 అని తిన్నగా వెనక నుంచి నిప్పు అంటించే రకం తెచ్చినప్పటి నుంచి ఈ తంటా. రెమింగ్టన్ వాళ్లే 1996లో ఈ 700 రైఫిలు శరీరం మీద మందు తుపాకీ చేసి అమ్మారు. కొన్ని రాష్ట్రాలు ఒప్పుకున్నాయి, కొన్ని గట్టిగా నిలబడ్డాయి. పెన్సిల్వేనియాలో 1974లో మొదలుపెట్టిన క్రిస్మస్ తర్వాతి వేటలో ఈరోజుకీ చెకుముకి రాయి కొట్టి పేలే ఫ్లింట్‌లాకే ఉండాలి. కొలరాడోలో మందు తుపాకీల రోజుల్లో స్కోపు కుదరదు, ప్లాస్టిక్ తొడుగు కుదరదు, బిళ్లల రూపంలో ఉన్న మందు కూడా కుదరదు. మా వాడి తుపాకీ అక్కడికి తీసుకుపోతే సగం విప్పి ఇంట్లో పెట్టాల్సిందే. నాకు పెన్సిల్వేనియా పద్ధతే నచ్చింది. మా వాడు మాత్రం "గాయపడి పారిపోయే జింక కంటే స్కోపులో చూసి ఒక్క దెబ్బకు పడే జింక నయం అన్నా" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు.

ఇప్పుడు ఇక్కడి వాళ్లు నన్ను అడిగిన ప్రశ్నకు వస్తున్నాను. "మందు తుపాకీకి అమెరికాలో లైసెన్సే అక్కర్లేదంట కదన్నా, మా తాత .315 రైఫిలు ఒకటి ఇంట్లో మూలన పడుంది, దాన్ని అట్టా మార్చేస్తే ఏ గోలా ఉండదు గదా?" అడిగినవాడి పేరు రాయను, మంచివాడే. ఇదే మాట ఇంకొకాయన ఇంకో రకంగా అడిగాడు.

మొదటి సంగతి, అమెరికా గురించే ఆ మాట సగం తప్పు. అక్కడ 1968 నాటి కేంద్ర తుపాకుల చట్టం, 1998లో సవరించాక, నల్లమందుతోనో దాని బదులు మందుతోనో మాత్రమే పేలే మూతి తుపాకీలను పాత వస్తువుల లెక్కలో వేసి, మిగతా తుపాకుల నిబంధనల నుంచి వదిలేసింది. కానీ అదే చట్టంలో, మామూలు తుపాకీని మార్చి మందు తుపాకీ చేస్తే దానికి ఈ మినహాయింపు లేదని స్పష్టంగా ఉంది. గొట్టమో బోల్టో మార్చేసి మళ్లీ తూటాలు కాల్చగలిగే దానికీ లేదు. కాబట్టి మా వాడి తుపాకీ వేటశాఖకు మందు తుపాకీ, తుపాకుల చట్టానికి మాత్రం రైఫిలే. అమ్మాలన్నా కొనాలన్నా రైఫిలుకు ఉన్న నిబంధనలే. దొడ్డిదారి ఉంటుందేమోనని ఎవరైనా ఆలోచిస్తారని వాళ్లు ఆ సవరణలోనే ఊహించి తలుపు మూసేశారు.

మన దగ్గర ఆ తలుపు ఇంకా గట్టిది. 1959 ఆయుధాల చట్టంలో మూతి తుపాకీకి కూడా లైసెన్సు కావాలి. పంట కాపాడుకోవడానికి రైతుకు మూతి తుపాకీ లైసెన్సు ఇవ్వొచ్చని 13వ సెక్షన్‌లో ఉంది, అది నిజమే, మన పెద్దవాళ్లలో కొందరికి అట్లా వచ్చినవే. ఎలక్షన్ కోడ్ వచ్చినప్పుడల్లా తీసుకెళ్లి స్టేషన్‌లో అప్పగించి, అయిపోయాక సంతకం పెట్టి తెచ్చుకోవడం ఆ ఇళ్లలో అందరికీ అలవాటే. కానీ ఉన్న తుపాకీని ఒక రకం నుంచి ఇంకో రకానికి మార్చడం వేరు. 2019లో చట్టం సవరించినప్పుడు 6వ సెక్షన్‌లో ఆ మాట ప్రత్యేకంగా చేర్చారు. దానికి విడిగా లైసెన్సు లేకపోతే నేరమే. శిక్ష 7 ఏళ్లకు తక్కువ కాకుండా యావజ్జీవం దాకా. రైఫిలును తక్కువ స్థాయికి దించాం కదా, ప్రభుత్వానికి మంచే చేశాం కదా అంటే కుదరదు. మార్చడమే తప్పు, పైకా కిందికా అని అడగరు.

తాతల నాటి .315 ఉన్నవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఇషాపూర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆ రైఫిళ్లు బాగా చేసినవి, వాటిని విప్పబాకండి. లైసెన్సు ఎవరి పేరున ఉందో ఆయన పోతే ఆ రైఫిలు ఇంట్లో ఉంచుకునే హక్కు ఇంట్లో వాళ్లకు లేదు, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి, చట్టంలో 21వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది. వారసుడు లైసెన్సుకు అర్జీ పెట్టుకోవడమో, అమ్ముకోవడమో తర్వాత సంగతి. మూలన పడేసి, ఎవరూ అడగరులే అని ఊరుకుంటే ఏదో ఒక రోజు అడుగుతారు.

ఇక జింక సంగతి. అక్కడిది తెల్లతోక జింక. ఒహాయోలో 1904 నాటికి దాన్ని పూర్తిగా చంపేసి, ఒక్కటి కూడా లేకుండా చేశారు. తర్వాత తెచ్చి వదిలి, పెంచి, 1943లో మళ్లీ కొన్ని కౌంటీల్లో మాత్రం వేట తెరిచారు. ఇప్పుడవి రోడ్లకు అడ్డం పడి కార్లు పగలగొట్టేంత ఉన్నాయి. కొమ్ముల జింకైతే ఒక మనిషికి ఏడాదికి ఒక్కటే. లైసెన్సు వేరు, జింక పర్మిట్ వేరు, నారింజ రంగు చొక్కా తప్పనిసరి, కాల్చాక ఫోనులో నమోదు చేయాలి. అంతకంటే నాకు ముఖ్యమనిపించింది డబ్బు. రైఫిళ్లు, తూటాల మీద 11 శాతం పన్ను ఉంది, 1937 నాటి చట్టం ప్రకారం ఆ డబ్బును అడవి జంతువుల కోసం రాష్ట్రాలకు పంచుతున్నారు. మా వాడు కొన్న రైఫిలు మీదా ఆ పన్ను పడే ఉంటుంది. వాళ్ల వేటను మెచ్చుకోవడం నా ఉద్దేశం కాదు, కానీ ఆ నాలుగు రోజుల వెనక ఇంత కట్టడి ఉంది.

మన వెలిగొండల్లో తిరిగే దుప్పికీ కణితికీ ఆ కథ ఏదీ లేదు. 1972 వన్యప్రాణి చట్టాన్ని 1991లో సవరించాక వేట అన్న మాటే లేదు. 9వ సెక్షన్ వేటను నిషేధిస్తుంది, 2వ సెక్షన్ ప్రకారం కాల్చడమే కాదు, ఉచ్చు పెట్టడం, పట్టడం, ప్రయత్నం చేయడం కూడా వేటే. మాంసం ఇంట్లో దొరికినా కేసే. తుపాకీ, బండి కూడా ప్రభుత్వానికి పోతాయి. కృష్ణజింక అయితే మన రాష్ట్ర జంతువు, మొదటి షెడ్యూల్‌లో ఉంది, 3 ఏళ్ల నుంచి 7 ఏళ్ల దాకా జైలు. పందులు పంట మేస్తున్నాయి, మేమేం చేయాలి అని మెట్ట రైతులు అడిగేది న్యాయమైన ప్రశ్న. వేరుశనగ ఒక రాత్రిలో దున్నేసి పోతాయి, నేను చూశాను. దానికి 11వ సెక్షన్‌లో అటవీ అధికారి అనుమతితో కాల్చే దారి ఉంది, నిదానమైన దారి. దాని బదులు చేనుకు కరెంటు తీగ చుట్టేవాళ్లున్నారు, ఆ తీగకు పందితో పాటు పక్క చేను రైతూ పడిపోతున్నాడు. నాటు తుపాకీ కూడా ఆ కోవలోదే. ఆ పైపు ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో ఎవరూ పరీక్షించి ఉండరు. వెనక బిరడా అతుకు మీద ఆధారపడి ఉంటుంది. గజం మీద గీత ఉండదు. లోపల పోసేది సైకిల్ బాల్ బేరింగులు, ఇనుప ముక్కలు. గొట్టంలో గాడి లేదు కాబట్టి అవి ఎటు పోతాయో కాల్చేవాడికే తెలియదు. కణితికి తగిలితే పొట్టలోనో కాలిలోనో తగులుతుంది, అది పారిపోయి ఎక్కడో రెండు రోజులకు చస్తుంది. ఒక్క గుండు తుపాకీయే కదా, పెద్ద నష్టం ఏముంది అనే మాట నేను చాలామంది నోట విన్నాను. మా తమ్ముడి తుపాకీ కూడా ఒక్క గుండుదే. వాడు ఆ జింకను వెంటనే పడగొట్టడానికి ఎంత కొలత, ఎంత శుభ్రం, ఎంత గురి పెట్టుకున్నాడో చూశాక, ఆ మాట నాకు అస్సలు మింగుడు పడదు.

చివరిగా మా లేత్ వాళ్లకు ఒక మాట, ఇది ఇతరులకు అక్కర్లేకపోవచ్చు. మన దగ్గరికి అప్పుడప్పుడు ఒక మనిషి వస్తాడు. చేతిలో మూడున్నర నాలుగడుగుల అతుకులేని పైపు ముక్క ఉంటుంది. ఒక చివర లోపల త్రెడ్ వేసి, దానికి గట్టి బోల్టు తిప్పి బిగించాలంటాడు. దేనికి అంటే పొలం పని అంటాడు, ఏ పొలం పని అంటే చెప్పడు. బేరం కూడా ఆడడు, అడిగినంత ఇస్తానంటాడు, అదే అసలు గుర్తు. తయారు చేసినవాడికే కాదు, రిపేరు చేసినవాడికి కూడా ఆయుధాల చట్టం 5వ సెక్షన్ వర్తిస్తుంది, నాకు తెలియదు సార్ అంటే ఎస్సై నవ్వుతాడు. నేనైతే అట్లాంటి వాడితో వాదించను. పైపు వెనక్కి ఇచ్చేసి, నా చక్‌లో ఇంత పొడుగుది పట్టదబ్బయ్యా అంటాను. ఆరడుగుల షాఫ్టు ఆ పక్కనే మిషన్ మీద తిరుగుతూ ఉంటుంది, వాడు దాన్ని చూస్తాడు, నన్ను చూస్తాడు, పోతాడు.